గచ్చి మీద బంగారు అద్దం

మా పెద్దనాయిన మొగులయ్య గురించి బొంబాయి కామాటిపురలో ఎవరినడిగినా రెండు రకాల జవాబులు వచ్చేవి. ముసలివాళ్ళయితే "ఫర్షీలు రుద్దే పెంటమ్మ కొడుకేనా?" అనేవాళ్ళు. మా ఈడు వాళ్ళు "అద్దాల అంకులా?" అనేవాళ్ళు. ఆయన చేసిన అద్దాల్లో ముఖం చూసుకున్నవాళ్ళు లేరన్న సంగతి చాలామందికి తెలియదు. నాకూ పెద్దయ్యేదాకా తెలియదు.

మా తాత రాములు, నాయనమ్మ పెంటమ్మ పాలమూరు నుంచి బొంబాయికి వచ్చింది మట్టిపనికి. తరవాత తాత ఇళ్ళ నేలకు మొజాయిక్ ఫర్షీలు పరిచే పనిలో కుదిరాడు. వేసిన ఫర్షీని రుద్ది నున్నగా చెయ్యడం ఇంకో పని. గది నడుమంతా మిషను రుద్దేది గానీ మూలలకు పోలేదు. ఆ మూలలు ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని, నీళ్ళు పోసుకుంటూ, చేతిరాయితో రుద్దాలి. ముందు గరుకు రాయి, తరవాత సన్నది, ఆఖరుకు ఇంకా సన్నది. నాయనమ్మ ముప్ఫై ఏళ్ళు అదే చేసింది. ఆమె బొటనవేలి గీతలు ఎంతగా అరిగిపోయాయంటే, రేషన్ దుకాణంలో వేలుముద్ర మిషను పెట్టాక అది ఆమెను ఒక్కసారీ గుర్తుపట్టలేదు. "నేను లేనట్టేనట బిడ్డా," అని నాతో చెప్పి పడీ పడీ నవ్వేది.

పద్దెనిమిదేళ్ళ మొగులయ్య తల్లి వెంట పనికి పోయేవాడు. 1983లో బైకుల్లా దగ్గర ఒక పరిశోధనశాలలో కొత్త గదులకు ఫర్షీ వేస్తున్నారు. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుంటే ఆయన నేల మీద చెంప ఆనించి పడుకుని, కిటికీ వెలుగు ఫర్షీ మీద ఎట్లా పారుతోందో చూస్తున్నాడు. అక్కడి అద్దాల వర్క్‌షాపుకు పెద్ద అయిన తుకారాం మేస్త్రి అటుగా పోతూ ఆగాడు.

"నిద్రపోతున్నావా?" అన్నాడు మరాఠీలో.

"లేదు సాబ్. తలుపు పక్కన ఎత్తుంది."

తుకారాం ఉక్కు బద్ద తెప్పించి ఆనించి చూశాడు. బద్ద కింద ఒక పోస్టుకార్డు మందం తేడా ఉంది.

"ఇంత చిన్న ఎత్తు నీకు కనపడిందా?"

"ఎత్తు కనపడలే సాబ్. వెలుగు వంకర పోయింది."

మర్నాడు పొద్దున్నే వర్క్‌షాపుకు రమ్మన్నాడు మేస్త్రి. పెంటమ్మకు ముందు భయమేసింది. గాజు పని, చేతులు తెగుతాయని. నెల రోజుల తరవాత కొడుకు వేళ్ళు చూసి, ఒక్క గాటు కూడా లేదని నిమ్మళించింది.

ఆ పని గురించి పెద్దనాయిన చెప్పడం మొదలుపెడితే టీ చల్లారిపోయేది. తారులాంటి నల్లటి ముద్ద ఉంటుంది, దాన్ని పిచ్ అంటారు. దాన్ని కరిగించి పళ్ళెంలా పోసి, పైన పొడీ నీళ్ళూ వేసి, గాజు బిళ్ళను దానిమీద గంటల తరబడి తిప్పాలి. వానాకాలం పిచ్ మెత్తబడుతుంది, చలికాలం మొండికేస్తుంది. గాజు మీద చెయ్యి ఎక్కువసేపు ఉంచితే ఒంటి వేడికి అది ఉబ్బుతుంది. "గాజుకు గూడ జరమొస్తది. తగ్గేదాంక కూసోవాలె. తొందరపడితే మన పని మనమే పాడు జేసుకున్నట్టు," అనేవాడు. తుకారాం ఆయనకు నేర్పిన మొదటి పాఠం కూర్చోవడమేనట. బిళ్ళను పసుప్పచ్చ దీపం కింద పెడితే దానిమీద నల్ల గీతలు కనపడతాయి. గీతలు తిన్నగా ఉంటే బిళ్ళ చదునుగా వచ్చినట్టు. వంగితే మళ్ళీ మొదటికి. అట్లా ముప్ఫై ఏళ్ళు గడిచాయి. తుకారాం రిటైరై రత్నగిరి వెళ్ళిపోయాడు. పాత చేతిపని వాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి పెద్దనాయిన ఒక్కడే మిగిలాడు.

2017లో ఆ పరిశోధనశాలకు సంధ్య అనే సైంటిస్టు వచ్చింది. హన్మకొండ అమ్మాయి. వచ్చిన వారానికే వర్క్‌షాపు తలుపు దగ్గర నిలబడి ఇంగ్లీషులో ఏదో అడగబోయిందట. లోపల పెద్దనాయిన ఎవరితోనో ఫోనులో, "గ్యాసు బండోడు ఇంకా రాలే, నేను జెర్రసేపటికి మల్ల ఫోన్ జేస్త," అంటుంటే విని, నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"మీరు మనోళ్ళా?"

"మనోళ్ళమే మేడం. ఇక్కడ పుట్టినం గంతే."

"మేడం వద్దన్నా. సంధ్య అనండి."

ఆ రోజు నుంచి ఆమెకు ఈయన మొగులన్న, ఈయనకు ఆమె సంధ్యమ్మ.

ఆమె చేస్తున్నది పరారుణ లేజరు. కంటికి కనపడని కాంతి. దాన్ని గాలిలోకి వదిలి, దూరాన ఉన్న అద్దం మీద కొట్టి వెనక్కి రప్పిస్తే, మధ్యలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో తెలుస్తుందట. అక్కడికి మనిషి పోనక్కర్లేదు, గాలిని సీసాలో పట్టి తేనక్కర్లేదు. ఆ లేజరుకు గుండెకాయ ఒక స్ఫటికపు కడ్డీ, చిటికెన వేలంత. దాని రెండు కొసలూ అద్దంలా నునుపెక్కాలి, ఒకదానికొకటి తిన్నగా ఉండాలి. విదేశం నుంచి వచ్చిన కడ్డీ కొసల మీద సన్నటి గీరలున్నాయి. లేజరు వెలిగించగానే ఆ గీరల దగ్గరే కాలిపోతోంది. వెనక్కి పంపితే ఏడాది పడుతుంది. "నువ్వు చేస్తావా అన్నా?" అని అడిగింది సంధ్య.

పెద్దనాయిన అంతకుముందు అలాంటి స్ఫటికం ముట్టలేదు. గాజుకంటే గట్టిది, గాజుకంటే పెళుసు. పది రోజులు పనికిరాని ముక్కల మీద చెయ్యి సాధన చేసుకుని, తరవాత అసలు దాన్ని పట్టాడు.

ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. ఎనభై దాటిన పెంటమ్మ మంచంలో ఉంది అప్పటికి.

"కనపడని దానికి గంత నునుపెందుకురా?"

"కనపడనిదే అమ్మా, చిన్న గీర ఉన్నా ఒప్పుకోదు."

"మా శెట్టి లెక్కనే ఉన్నదిరా," అన్నది నాయనమ్మ. ఆమె చేత మూలలు రుద్దించిన కంట్రాక్టరు శెట్టి చీకటి గదుల్లో కూడా చేత్తో తడిమి చూసేవాడట.

2019 జులైలో, వాన పట్టుకుని రెండు రోజులైన ఒక మధ్యాహ్నం, తొందరపడొద్దనే పెద్దనాయిన జీవితంలో ఆ ఒక్కసారి తొందరపడ్డాడు. ఒక కొస పూర్తయింది. రెండోది కూడా దాదాపు అయిపోయింది. కడ్డీని, అది కదలకుండా పట్టి ఉంచిన మైనం నుంచి విడదీయాలంటే మెల్లగా వెచ్చబెట్టి, మెల్లగా చల్లార్చాలి. అప్పుడే పెద్దమ్మ సుజాత ఫోను చేసింది. "అత్తమ్మకు ఊపిరాడ్తలేదు. గల్లీల మోకాలిలోతు నీళ్ళు. టాక్సీ దొరుకుతలేదు. జల్ది రా." ఆయన చల్లారకముందే కడ్డీని చేతిలోకి తీశాడు.

టిక్కుమని చిన్న చప్పుడు. అంచున వెంట్రుకంత పగులు, లోపలికి పోయింది.

దాన్ని గుడ్డలో పెట్టి, సంధ్య గదికి పోయాడు. ఆమె మీటింగులో ఉంది. బయట బల్ల మీద కూర్చున్నాడు. ఇంటికి పోవాలి, కానీ చెప్పకుండా పోవడానికి కాళ్ళు రాలేదు. ఇరవై నిమిషాలకు ఆమె వచ్చింది.

"సంధ్యమ్మా, పలిగింది. నా తప్పే. తొందరపడ్డ."

ఆమె గుడ్డ విప్పి చూసింది. ఆమె రెండేళ్ళ పని అది. తరవాత తల ఎత్తి, "ఎందుకు తొందరపడ్డవన్నా? నువ్వు పడవు కదా," అన్నది. ఆయన తల్లి సంగతి చెప్పాడు.

"ఇంకా ఇక్కడే ఎందుకున్నవ్? పో అన్నా, ముందు పో!" అని ఆమే గొడుగు తీసుకుని రోడ్డు దాకా వచ్చి, తెలిసిన డ్రైవరును బతిమాలి బండెక్కించింది.

నాయనమ్మ ఆ వాన దాటింది గానీ ఆగస్టు దాటలేదు. దినాలు అయిపోయాక పెద్దనాయిన పనికి పోయేసరికి కడ్డీ ఆయన బల్ల మీదే ఉంది, అదే గుడ్డలో. పక్కన సంధ్య రాసిన లెక్కల కాగితం. పగిలిన కొస నాలుగు మిల్లీమీటర్లు కోసేస్తే కడ్డీ పొట్టిదవుతుంది, కాంతి కొంత తగ్గుతుంది, అయినా పనిచేయవచ్చు. పెద్దనాయిన కోసి, మళ్ళీ గరుకు పొడి నుంచి మొదలుపెట్టాడు. ఆరు వారాలు పట్టింది. మైనం చల్లారడానికి ఈసారి ఒక పగలంతా వదిలేశాడు.

లేజరు వెలిగిన రోజు ఆయనను పిలిచారు. చూడటానికి ఏమీ లేదు. చీకటి లేదు, మెరుపు లేదు. బిల్లులు ప్రింటయ్యే రకం కాగితం ముక్క ఒకటి సంధ్య దారిలో పట్టుకుంది. దానిమీద మినపగింజంత నల్ల మచ్చ పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దనాయిన నవ్వాడు. నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ ఉంటే అడిగేది కదా, ఎట్లుంది రా అని. అది గుర్తొచ్చిందని తరవాత నాతో అన్నాడు.

ఇక దూరాన ఒక అద్దం కావాలి. మామూలు అద్దం పనికిరాదు. మూడు పలకలు ఒక గది మూలలో కలిసినట్టు కలవాలి. అట్లా ఉంటే కాంతి ఎటునుంచి వచ్చినా వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మూడు మూలలూ ఆయనే కుదిర్చాడు, దానికి బంగారం పూత పెట్టించాడు. పరారుణ కాంతికి బంగారమే మంచిదట. ఎక్కడ పెట్టాలని వెతుకుతుంటే, పరిశోధనశాల ఎనిమిదో అంతస్తు మీద నుంచి దుర్భిణిలో చూస్తూ సంధ్య, "అదిగో, ఆ నీలం టాంకీ ఉన్న గచ్చి సరిగ్గా ఎదురుగా ఉంది," అన్నది.

పెద్దనాయిన చూసి నవ్వాడు. "అది మేముండే చాల్ సంధ్యమ్మా."

గచ్చి అంటే మేము డాబాకు అనే మాట. చాల్ అంటే వరస గదుల పాత మేడ. మా చాల్‌లో ముప్ఫై రెండు గదులు, గదికి తొమ్మిది మంది ఉన్న రోజులూ ఉన్నాయి. అందరికీ కలిపి ఊపిరి తీసుకునే చోటు ఆ గచ్చే. అక్కడే వడియాలు, అక్కడే చదువులు, అక్కడే పెళ్ళిచూపుల ముందు అమ్మాయిలకు గోరింటాకు. బయట మా గల్లీల గురించి ఎవరేమనుకున్నా, గచ్చి మీద కూర్చుంటే ఫాక్‌లాండ్ రోడ్డు హారన్లు కూడా ఎక్కడో దూరంగా వినపడేవి.

అద్దం పెట్టే ముందు పెద్దనాయిన ముప్ఫై రెండు గదులకూ తిరిగి అడిగాడు. అందరి భయం ఒకటే, లేజరు కళ్ళు పోగొడుతుందా అని. సంధ్య వచ్చి, ఈ కాంతి ఇక్కడికి చేరేసరికి పళ్ళెమంత వెడల్పై పలచబడుతుందని, కంటికి హాని లేదని హిందీలో చెప్పింది. అయినా అసలు సంగతి అర్థమయ్యేలా చెప్పింది మా పెద్దనాయినే.

"ఇద్దరు పోరగాళ్ళను బజారుకు పంపినమనుకో. ఒకడు వడాపావ్ బండి కనపడ్తే ఆగి తింటడు. ఇంకోడు ముట్టడు. ఇద్దరూ తిరిగొచ్చినంక జేబులు చూస్తే, దారిల ఎన్ని బండ్లున్నయో తెలుస్తది కదా? గట్లనే రెండు రకాల కాంతి పంపుతరు. ఒకదాన్ని ఆ వాయువు మింగుతది, ఒకదాన్ని ముట్టదు."

"మరి మన గల్లీల బండ్లు ఎక్కువేనా?" అని రత్నాబాయి అడిగింది. మూడో అంతస్తు రత్నాబాయి మరాఠీ ఆవిడ. నలభై ఏళ్ళుగా మాతో ఉండి మా తెలుగు మాట్లాడేది. పెద్దనాయిన ఆమెను రత్నాతాయి అంటాడు, అంటే అక్క. ఆమెకు ఈయన భావు, అంటే సోదరుడు.

2021 నవంబరులో అద్దం ఎక్కింది. వారం తిరక్కుండానే సంధ్య ఫోను. రోజూ పదకొండు నుంచి రెండింటిదాకా కాంతి వెనక్కి రావడం లేదు. పెద్దనాయిన సెలవు పెట్టి గచ్చి ఎక్కి చూస్తే, అద్దం ముందు రత్నాబాయి దుప్పట్లు ఆరుతున్నాయి.

"తాయీ, దుప్పట్లు జెర పక్కకు..."

"మొగుల్ భావూ, ఈ తాడు ఇరవై ఏండ్లనుంచి ఈడనే ఉన్నది. నీ అద్దం నిన్నగాక మొన్న వచ్చింది."

"నిజమే తాయీ," అని ఆయన కిందికి దిగిపోయాడు. మళ్ళీ అడగలేదు. సాయంత్రానికల్లా రత్నాబాయి తాడు తానే విప్పి టాంకీ అవతలికి కట్టింది. ఆ రోజు నుంచి ఆ అద్దం బాధ్యత కూడా తనదే అనుకుంది. బంతి పట్టుకుని ఎవరైనా పైకొస్తే కేకలేసేది, పావురాలను తోలేది.

ఆ శ్రద్ధే కొంప ముంచింది. మార్చిలో ఒక రోజు అద్దానికి పెట్టిన గాజు మూత పక్కకు జరిగి, అద్దం మీద పావురం రెట్ట పడింది. రత్నాబాయి చూసింది. పెద్దనాయిన డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో ఇత్తడి సామాను మెరిసేలా తోమే మనిషి ఆమె. బూడిదా కొబ్బరి పీచూ తెచ్చి, శ్రద్ధగా, మూడు పలకలూ తోమింది.

సాయంత్రం పెద్దనాయిన గచ్చి మీదికి పోయేసరికి ఆమె గర్వంగా పక్కనే నిలబడి ఉంది. బంగారం సగం పోయింది. కింది గాజు మీద సున్నాలు సున్నాలుగా గీరలు. నేను ఆయన వెనకే ఉన్నాను. ఆయన ముఖం చూసి నాకు భయమేసింది. ఆయన వంగి, వేలితో ముట్టకుండా, ఒక పక్కనుంచి చాలాసేపు చూశాడు.

"బాగైందా భావూ?" అన్నది ఆమె.

"మంచిగ తోమినవ్ తాయీ," అన్నాడు. "అయితే దీనికి ఇంకో తీరు సబ్బుంటది. ఈసారి నాకు ఫోన్ చెయ్యి."

నాలుగు రోజుల తరవాత, అద్దం ఉన్న చోటు ఖాళీగా చూసి ఆమె అడిగితే, తోమడంతోనే అది పాడైందని ఎవరో చెప్పారు. పరుగున మా గదికొచ్చింది. గడపలోనే కూలబడి ఏడ్చింది. పెద్దమ్మ చాయ్ ఇచ్చినా తాగలేదు. పెద్దనాయిన ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, పగిలిన కడ్డీ కథంతా చెప్పాడు. వాన, ఫోను, టిక్కుమన్న చప్పుడు, గొడుగు పట్టుకుని రోడ్డు దాకా వచ్చిన సంధ్య. మాకెవరికీ అప్పటిదాకా ఆ కథ తెలియదు. పెద్దమ్మకు కూడా. అంతా విని రత్నాబాయి ముక్కు తుడుచుకుని, "అయితే ఇద్దరం సమానమే," అన్నది.

"నాదే ఎక్కువ తాయీ. నేను తెలిసీ చేసిన."

కొత్త అద్దం రెండు నెలల్లో తయారైంది. రిటైరయ్యే లోపు ఆయన పూర్తిగా తన చేత్తో చేసిన ఆఖరి పని అదే. ఆ తరవాత రెండేళ్ళు, పగలంతా, మా తలల మీదుగా ఆ కాంతి పోయి వస్తూనే ఉంది. గల్లీలో మేము నీళ్ళకు కొట్లాడుకుంటున్నా, గణపతి ముందు చిందులేస్తున్నా, అది పోయి వస్తూనే ఉంది. మాకెవరికీ కనపడలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సంధ్య పొడుగాటి కాగితపు చుట్ట తెచ్చి గచ్చి మీద పరిచింది. నాలుగు మూలలా నలుగురు కూర్చోవాల్సి వచ్చింది. ఏడాది పొడుగునా గాలి గీసిన గీత అది. పొద్దున ఏడింటికి ఎక్కుతుంది, పొయ్యిలు, స్కూలు బస్సులు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే దిగుతుంది. ఆదివారాలు కొంచెం ఆలస్యంగా ఎక్కుతుంది. రత్నాబాయి ఆ ఆదివారాల మీద వేలు పెట్టి, "ఇగో, మనం లేటుగా లేస్తం కదా," అని అందరినీ నవ్వించింది. ఎవరి పెళ్ళి ఏ తేదీనో, ఎవరి బారసాల ఏ వారమో గీత మీద వెతుక్కున్నారు జనం. వాటి జాడ అందులో ఉండదని సంధ్యకు తెలుసు. అయినా ఆమె కాదనలేదు.

2024లో మా చాల్ పాతబడిందని, కూల్చి కొత్తది కడతారని ఖాళీ చేయమన్నారు. మంచికేనన్నారు. మంచికే కావచ్చు. గోడల్లోంచి ఇనుము బయటికి కనపడుతోంది, ప్రతి వానకూ భయమే. ఒక్కొక్క గదికీ తాళం పడింది. పెద్దనాయిన ధారావిలో అద్దె గదికి పోయాడు, అక్కడ సుజాత పెద్దమ్మ చెల్లెళ్ళున్నారు. మేము డోంబివలీ పోయాం. రత్నాబాయిని ఆమె కొడుకు మంగేష్ కల్యాణ్‌లో పద్నాలుగో అంతస్తుకు తీసుకెళ్ళాడు.

అద్దం దించే రోజు సంధ్య మనుషులను పంపిస్తానన్నది. ఆయన వద్దన్నాడు. తానే మరలు విప్పాడు. ఒక మర తుప్పు పట్టి రాకపోతే నూనె వేసి, అది నానేదాకా గచ్చి పిట్టగోడ మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. కింద గల్లీలో సామాన్ల టెంపో వెనక్కి తీస్తున్నారు.

"పెద్దనాయినా, బాధగా ఉందా?"

"ఉంటది కద బిడ్డా," అన్నాడు. "మా అమ్మ ఊరిడిసి వచ్చినప్పుడు గిట్లనే కూసున్నదో ఏమో. ఎన్నడు అడగలే నేను."

మర వదులైంది. అద్దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని టాక్సీలో తీసుకుపోయాడు. ఇప్పుడు సంధ్య లేజరు వేరే దిక్కుకు, ఏదో టవరు మీదున్న కొత్త అద్దం వైపు తిరిగిందట. అది మిషను చేసిన అద్దం. "మస్తుగ చేసింది," అన్నాడు పెద్దనాయిన చూసొచ్చి. నిజంగానే అన్నాడు.

ఆయన నెలకోసారి దాదర్‌లో మన తెలుగువాళ్ళ సభలకు పోతాడు. నన్నూ రమ్మంటాడు. సభ కంటే, తరవాత చాయ్ తాగుతూ పాత చాల్‌వాళ్ళు కలుస్తారని. రత్నాబాయి మాత్రం అంత దూరం రాలేదు, మోకాళ్ళ నొప్పులు. ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది. మొన్నొకసారి నేను ధారావిలో ఉన్నప్పుడే చేసింది. స్పీకరు పెట్టాడాయన.

"ఇల్లు బాగుంది భావూ. లిఫ్టుంది. నీళ్ళు పొద్దంత వస్తయి. ఎవరితోని కొట్లాడే పనే లేదు."

"మంచిదే కదా తాయీ."

"గచ్చి గూడ ఉన్నది. తాళమేసి పెడ్తరు. దుప్పట్లు బాత్రూముల ఆరేసుకుంటున్న."

"తాళంచెవి ఎవని దగ్గరుంటదో కనుక్కో. నువ్వే పోయి అడుగు. మంగేష్‌ను పంపకు."

"ఇయ్యకపోతే?"

"ఇస్తరు తాయీ. నాకు ముప్ఫై రెండు గదులోళ్ళు ఇయ్యలేదా?"

తరవాతి ఆదివారం నేను లేను. పెద్దమ్మ చెప్పింది. ఫోనొచ్చిందట గానీ, అవతల ఒకటే గాలి హోరు, బట్టలు టపటపా కొట్టుకుంటున్న చప్పుడు. రత్నాబాయి ఏదో గట్టిగా అరిచి చెబుతోందట. సగమే వినపడిందట పెద్దనాయినకు. అయినా ఫోను పెట్టెయ్యకుండా, "ఆఁ తాయీ, ఆఁ," అంటూ చాలాసేపు చెవికి ఆనించుకునే కూర్చున్నాడట.